దయ్యమను మాట చాలునా?

ప్రసవవేళ మరణించిన స్త్రీ ప్రేతమై సంచరించునని, మునిమాపువేళ బయట తిరుగు పిల్లలను పట్టునని చెప్పు కథ మధ్యభారతమున పెక్కుచోట్ల కలదు. హిందీ ప్రాంతములలో ‘చుడేలు’ అన్న పేరు ప్రసిద్ధము. బస్తరు పల్లెలలోను ఈ భయము ఉన్నది; తెలుగు పల్లెలకును ఇది క్రొత్త కాదు. కోంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు వినబడును; దోర్లల వాడుకలో అది గాఢముగా కలసియున్నది. అందుచేత అచ్చటి గాథలు తెలుగు పరిశోధకులకు సమీపములు. వానిని తెలుగు చేయునప్పుడు ‘దయ్యము’ అన్న ఒక్క మాట చాలునని తోచును. చాలదని నా అభిప్రాయము.

బస్తరు గోండుల దృష్టిలో మృతులందరును ఒక్క కోవకు చెందినవారు కారు. మారియాలను గూర్చి గ్రిగ్సన్ 1938లోను, మురియాలను గూర్చి ఎల్విన్ 1947లోను ప్రకటించిన గ్రంథములు చదివినవారికి ఈ సంగతి తెలిసినదే. విధిప్రకారము సాగనంపబడినవారు పితరులలో చేరుదురు. వారికి ఇంటనే నైవేద్యము జరుగును. ప్రసవమున పోయిన స్త్రీకి, పులివాత పడినవానికి ఆ సామాన్యవిధి వర్తింపదు. పిల్లల భయమంతయు ఈ రెండవ కోవను గూర్చియే. రెంటిని దయ్యమన్నచో ఇంటి తాతయు ప్రేతమగును.

మాటల చరిత్ర ఇంకను చిత్రమైనది. మన ‘దయ్యము’ సంస్కృత ‘దైవము’నకు తద్భవము, దేవతను చెప్పిన మాట పిశాచమునకు దిగినది. గోండి ‘పేన్’ అనగా దేవుడు. దీనిని భాషావేత్తలు పిశాచార్థకమైన తమిళ ‘పేయ్’తో పోల్చినారు. ఇట్లు భాషాభాషకు తలక్రిందులైన మాటలను ఒకదాని స్థానమున మరియొకటి నిలుపుట ప్రమాదము. గోండి ఇంటిభాషగాగల బాలుడు బడిపుస్తకములో పేన్‌ను భూతమని చదివినచో, అవ్వ మ్రొక్కు దేవునికే జడియుట నేర్చును.

సమానపదము లేనిదే అనువాదమెట్లు సాగునని అడుగవచ్చును. కథకుని మాటను అట్లే ఉంచి, అర్థమును ప్రక్కన వివరించిన సాగును. గాథ సేకరించువారు కథ ముగియగనే లేవక, ఆ స్త్రీ ఎట్లు మరణించినదో, ఊరివారు ఆమెను ఎచ్చట పాతిపెట్టిరో కూడ అడిగి వ్రాసికొనవలెను. పిల్లలను బెదరించు ఆ కథలో కాన్పు చెడి పోయిన తల్లి ఒకతె ఉన్నది. దయ్యమని వ్రాసిన పిదప ఆమెను గూర్చి ఎవరును అడుగరు.