కాలక్షేపం అనే మంచి మాట

2025 జనవరి, ధనుర్మాసంలో చివరి ఆదివారం. మంచు ఇంకా విడవలేదు. మా భవానీపురం వీధి మలుపులో స్కూటరు ఆగిన చప్పుడైంది. హరిదాసుగారు వచ్చారు. నెత్తిన పూలు చుట్టిన అక్షయపాత్ర, నుదుట నామం, వీపున తంబుర. రెండేళ్లుగా ఆయన బండి మీదే వస్తున్నారు. నడిస్తే నాలుగు వీధులు తిరిగేసరికే ఎండెక్కేదట, ఇప్పుడు గొల్లపూడి దాకా వెళ్లొస్తున్నారు. బండికి చిన్న మైకు కట్టి ఉంటుంది. మా గుమ్మం ముందు మాత్రం దాన్ని ఆపేసి, చిడతలు తీసి, సొంత గొంతుతోనే పాడతారు. ఆ గొంతు బొంగురుపోయింది గానీ శ్రుతి తప్పదు. బియ్యం పోయడానికి వెళ్లిన మా ఆవిడ, చేట ఖాళీ అయ్యాక కూడా అక్కడే నిలబడిపోయింది.

ఇలాంటి హరిదాసులు చెప్పే కథని మా అమ్మ హరికథా కాలక్షేపం అనేది. రాత్రి భోజనాలయ్యాక చాపలు చంకన పెట్టుకుని వెళ్లి, నిద్రపోయిన పిల్లల్ని ఒళ్లో వేసుకుని కథంతా వినడమే వాళ్లకి కాలక్షేపం. ఆ మాట మన నోట్లో ఎప్పుడు చిన్నబోయిందో గానీ, ఇప్పుడు ‘ఏదో కాలక్షేపానికి’ అని సంజాయిషీ చెప్పుకుంటున్నాం. సినిమాకి వెళ్లొచ్చినా, నవల పట్టుకుని కూర్చున్నా, పాట పదిసార్లు విన్నా ఏదో తప్పు చేసినట్టే. ఈ వారం నన్ను పట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటికి నేను సంజాయిషీ చెప్పను.

ముందు పుస్తకాలు. 2025 జనవరి 2న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రారంభించిన 35వ విజయవాడ పుస్తక మహోత్సవం 12న ముగిసింది. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పెట్టారు. మా తరానికి పుస్తకాల పండుగంటే స్వరాజ్య మైదానమే. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనేవాళ్లం. ఆ చోట ఇప్పుడు 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ నిలబడి ఉన్నారు. పుస్తకాలు పెట్టుకోవడానికే బొంబాయిలో రాజగృహ కట్టించుకున్న మనిషి. అటుగా వెళ్లినప్పుడల్లా ఆ మైదానం సరైన మనిషికే దక్కిందనిపిస్తుంది.

ఆ పదకొండు రోజుల్లో మూడుసార్లు వెళ్లాను. మూడోసారి పక్కింటి అమ్మాయిని వెంటబెట్టుకుని. ఏడో తరగతి చదువుతోంది. వాళ్ల అమ్మమ్మగారిది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు ఆవిడ ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మంచాలు, బియ్యం, టీవీ పోతే ఆవిడ ఏడవలేదు. అలమరలో కింది అరలో ఉన్న పుస్తకాలు ఉబ్బిపోయి, అట్టలు ఊడి, బురద ముద్దలైపోతే ఏడ్చింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఊరంతా ఆ అంకె గురించే మాట్లాడుతుంటే, ఆవిడ మాత్రం ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ గురించి మాట్లాడింది. పెళ్లికి ముందు కొనుక్కున్న ప్రతి అది. బాపు బొమ్మల మీద ఆవిడ పిల్లలు చిన్నప్పుడు రంగు పెన్సిళ్లతో గీసిన గీతలుండేవట.

కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ ఈ పిల్ల చేతిలో యాభై రూపాయల నోట్లు లెక్కపెట్టుకుంటూనే ఉంది. స్టాల్లో పదిశాతం తగ్గింపు పోను ఇంకా మిగిలాయని కళ్లు మెరిశాయి. ‘బుడుగు’ కొంది. ఆ మిగిలిన డబ్బు పెట్టి, బయటికొచ్చాక లెనిన్ సెంటర్‌కి తీసుకెళ్లమంది. అక్కడ పాత పుస్తకాల షాపుల్లో గుట్టల మధ్య కూర్చుని గంటసేపు వెతికింది. ఏం వెతుకుతున్నావమ్మా అంటే, ఎవరో పిల్లలు గీతలు గీసిన పుస్తకం దొరుకుతుందేమోనని అంది. దొరకలేదు. నాకు ఈ వారమంతటిలో మిగిలిపోయిన మాట ఇదే.

ఇక పాట. ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా విడుదల 2025 జనవరి 14, మంగళవారం, పండగ రోజే. అందులోని ‘గోదారి గట్టు’ పాట మాత్రం 2024 డిసెంబరు నుంచే మన మధ్య ఉంది. కృష్ణ ఒడ్డున ఉండి గోదారి పాటకి ఊగుతున్నారేమని మా మేనల్లుడు అడిగాడు. పాటకి కాలవ సరిహద్దులుండవురా అన్నాను. భాస్కరభట్ల రాస్తే భీమ్స్ సిసిరోలియో బాణీ కట్టారు. రమణ గోగుల, మధుప్రియ పాడారు. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’ వచ్చినప్పుడు కాలేజీల్లో ఉన్నవాళ్లకి రమణ గోగుల గొంతు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. అందులో హీరో అయిన వెంకటేశ్‌కే ఇన్నేళ్ల తర్వాత ఈ సినిమాలో మళ్లీ ఆ గొంతు. ఆ గొంతులో కొంచెం గరుకుంది, తొందర లేదు. మా వీధిలో ముగ్గులేసే ఆడపిల్లల దగ్గర నుంచి పుణుగుల బండి దాకా అందరి ఫోన్లలోనూ ఇదే. మేడ మీద ముగ్గురు పిల్లలు ఈ పాటకి అడుగులు సాధన చేస్తుంటే ఒక తల్లి కింద నుంచి పరీక్షలున్నాయని కేకేసింది. ఆ పిల్లలు ఒక్క చరణానికి మూడు రోజులు కష్టపడ్డారు. ఒకరి తప్పు ఒకరు దిద్దుకున్నారు. అది చదువు కాదని నేను ఒప్పుకోలేను.

సినిమాల సంగతి ఎక్కువ చెప్పను. జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’ వచ్చాయి. 1921లోనే మారుతీ సినిమా వెలిసిన ఊరికి పండగ సినిమా గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 డిసెంబరు 29న బృందావన్ కాలనీ దగ్గర వజ్రా గ్రౌండ్స్‌లో రామ్‌చరణ్‌ది 256 అడుగుల కటౌట్ నిలబెట్టారు. చూడ్డానికి నేనూ వెళ్లాను. అంత ఎత్తున ఆ ఇనుప చట్రం బిగించిన పనివాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఫ్లెక్సీ రాకముందు హాలు ముందు పెట్టే బొమ్మల్ని గళ్లు గీసుకుని, గడికి ఇంత చొప్పున పెంచుకుంటూ చేత్తో వేసేవాళ్లు. దగ్గరికెళితే ముక్కు ఒక రంగు మడుగులా కనిపించేది. రోడ్డు అవతలికి వెళ్లి చూస్తే ఎన్టీఆర్ నవ్వేవాడు. ఆ చేతులకి మనం ఇంకో పని చూపించకుండానే మెషిన్లు తెచ్చుకున్నాం.

ఒక మాట మాత్రం గట్టిగా అనాలి. 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో సినిమా వేడుక చూసి ఇంటికెళ్తూ ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వేలమందిని ఒకచోటికి పిలిచేవాళ్లు, వాళ్లు రాత్రిపూట ఇళ్లకి ఎలా చేరతారో కూడా ఆలోచించాలి. స్టేజీకి పెట్టే ఖర్చులో కొంత బస్సులకి పెట్టాలి.

గురువారం మా అమ్మాయితో కలిసి కొండపల్లి వెళ్లాం. ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేసినట్టే. పక్కింట్లో బొమ్మల కొలువుకి తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ కావాలన్నారు. తెల్ల పొణికి కర్ర చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. చేతులు, కాళ్లు, తలపాగా వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మా అమ్మాయి ఓ పెద్దాయన పక్కన కూర్చుని ఆ మక్కు వేలికి రాసుకుని చూసింది. ‘ఆరాక ఈ అతుకు ఎక్కడుందో కనుక్కో చూద్దాం’ అన్నాడాయన. కనుక్కోలేకపోయింది. బేరం ఆడబోతే ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

తిరిగొస్తూ పున్నమి ఘాట్ దగ్గర దిగాం. 2024 అక్టోబరు 22 రాత్రి ఇక్కడే 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు కట్టాయి. నవంబరు 9న ఇక్కడి నుంచే నీటి విమానం శ్రీశైలానికి ఎగిరింది. రెండూ చూసి మురిసిపోయినవాణ్నే నేను. కానీ ఆ రెండు రోజులూ మేం తల పైకెత్తి చూశామంతే. మేడ మీద అడుగులు నేర్చుకుంటున్న పిల్లలకి, మక్కు వేలికి రాసుకున్న పిల్లకి కావాల్సింది తల దించుకుని చేసుకునే పని, దానికి ఒక గది. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం పేరున్న కళాకారులకి. మువ్వ క్షేత్రయ్య కూడా ఏదో ఒక అరుగు మీద మొదలుపెట్టి ఉంటాడు కదా. ఘాట్ పొడుగునా అంత చోటుంది. యాభైమంది కూర్చుని నాటకం చదువుకోవడానికి, కథ చెప్పుకోవడానికి, రంగులు కలుపుకోవడానికి నాలుగు గోడలు, రెండు ఫ్యాన్లు, సాయంత్రం ఏడింటి దాకా తలుపు తీసి ఉంచే మనిషి. నగరపాలక సంస్థని నేను అడిగేది ఇంతే. పుస్తకాల పండుగ పదకొండు రోజులే. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఈ పిల్లలు ఎక్కడ కలుస్తారు?

అమ్మమ్మగారికి ‘బుడుగు’ చేరింది. విజయవాడ రేడియోలో ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీ భారతం చెబుతుంటే పనులన్నీ ఆపేసి విన్నవాళ్లలో ఆవిడ ఒకరు. ఇప్పుడు చూపు ఆనదు. మనవరాలు చదివి వినిపిస్తోంది. ముందుగా పుస్తకంలో ఒక బొమ్మకి రంగు పెన్సిలుతో గీత గీయమని పిల్లకి చెప్పిందట.

ఇవాళ పొద్దున్న హరిదాసుగారిని ఆపి ఒకటి అడిగాను, కథ మొత్తం వచ్చా అని. రుక్మిణీ కల్యాణం వచ్చునన్నారు, వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్నారట. మూడు గంటలు పడుతుంది. పన్నెండేళ్లుగా ఎవరూ చెప్పమనలేదని అన్నారు. కనుమ నాటి సాయంత్రం మా మేడ మీద చాపలు పరుస్తున్నాం. మైకు పెట్టమంటారా అని అడిగితే వద్దన్నారు.