యుద్ధం లేకుండా చేతులు మారిన జెరూసలేం

శిలువ యుద్ధాల కథ ఎవరు చెప్పినా ముందుగా వచ్చే తేదీ 1099 జూలై 15. ఆ రోజు యూరప్ సైన్యాలు జెరూసలేం గోడలెక్కి లోపలికి దూకి, దొరికిన ముస్లింలనూ యూదులనూ నరికేశాయి. తర్వాతిది 1187 అక్టోబరు 2, సలాదీన్ నగరాన్ని తిరిగి గెలుచుకున్న రోజు. 1191లో ఏకర్ బయట ఇంగ్లండు రాజు రిచర్డ్ రెండున్నర వేల మందికి పైగా బందీలను చంపించాడు. 1268లో సుల్తాన్ బైబర్స్ అంతియొకయలో ఊచకోత జరిపించాడు. రెండు వందల ఏళ్ల చరిత్రను ఇలా నెత్తుటి గుర్తులు పట్టుకునే చెప్పడం మనకు అలవాటైపోయింది. ఈ వరసలో చాలామంది ఒక్క వాక్యంతో దాటేసే తేదీ ఒకటుంది: 1229 ఫిబ్రవరి 18. ఆ రోజు యాఫా దగ్గర కుదిరిన ఒప్పందంతో జెరూసలేం చేతులు మారింది. నగరం కోసం ఎవరూ ముట్టడి వేయలేదు, ఒక్క ఇల్లూ తగలబడలేదు. శిలువ యుద్ధాల కాలం నుంచి ఈ తరం నేర్చుకోదగ్గది ఏమైనా ఉంటే అది ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఒప్పందానికి ఒకవైపు పవిత్ర రోమన్ చక్రవర్తి, సిసిలీ రాజు రెండో ఫ్రెడరిక్. అరబ్బులు, గ్రీకులు, లాటిన్లు కలిసి బతికిన పాలెర్మోలో పెరిగినవాడు. గణితమన్నా, ప్రకృతి శాస్త్రమన్నా, డేగల వేటన్నా ప్రాణం పెట్టేవాడు. డేగల వేట మీద స్వయంగా పెద్ద గ్రంథమే రాశాడు. రెండోవైపు ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్, సలాదీన్ తమ్ముడి కొడుకు. శిలువ సైన్యాల దెబ్బ అతనికి బాగా తెలుసు. 1219లో దమియట్టా రేవు వాళ్ల వశమైంది. దమియట్టా వదిలిపోతే జెరూసలేం ఇస్తానని అప్పుడే కబురు పెట్టాడు. పోప్ ప్రతినిధి పెలాజియస్ ససేమిరా అన్నాడు. 1221లో ఆ సైన్యం కైరో మీదికి బయలుదేరి, నైలు వరదలో చిక్కుకుని లొంగిపోయింది. ఆకలితో అలమటిస్తున్న ఆ సైనికులకు అల్ కామిల్ తిండి పంపించాడు. ఆ సంగతి రాసిపెట్టింది అతని ఆస్థాన రచయిత కాదు, ఓడిపోయిన సైన్యంలో ఉన్న జర్మన్ మతాచార్యుడు ఒలివర్.

అల్ కామిల్‌కు అసలు బెడద ఫ్రాంకులనే ఈ యూరప్ శిలువ యోధుల నుంచి కాదు, దమాస్కస్‌ను ఏలుతున్న సొంత సోదరుడు అల్ ముఅజ్జమ్ నుంచి. అందుకే 1226లో ఫఖ్రుద్దీన్ అనే అమీరును ఫ్రెడరిక్ దగ్గరికి పంపాడు: మీరు ఇటు వస్తే జెరూసలేం మీకే. ఫ్రెడరిక్ 1227లో బయలుదేరాడు కానీ జబ్బుపడి వెనక్కి తిరిగాడు. అదంతా సాకేనని పోప్ తొమ్మిదో గ్రెగొరీ అతన్ని వెలివేశాడు. వెలి తొలగకుండానే మరుసటి ఏడు మళ్లీ ఓడ ఎక్కాడు. సెప్టెంబరులో ఏకర్‌లో దిగేసరికి పరిస్థితి తారుమారైంది. అల్ ముఅజ్జమ్ చనిపోయాడు కాబట్టి అల్ కామిల్‌కు ఇతని అవసరం తీరిపోయింది. ఫ్రెడరిక్ వెంట ఉన్న సైన్యం చిన్నది. వెలిపడ్డవాడి కింద నడవడానికి టెంప్లర్లు, హాస్పిటలర్లు అనే యోధ సన్యాసులు ఇష్టపడలేదు. అక్కడ ఇటలీలో పోప్ సైన్యం అతని రాజ్యం మీదికే దండెత్తింది.

ఇచ్చిన మాట తప్పడానికి అల్ కామిల్‌కు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? అయినా సంప్రదింపులు తెగలేదు. నెలల తరబడి ఫఖ్రుద్దీన్ రెండు శిబిరాల మధ్య తిరిగాడు. ఫ్రాంకుల ముందు పరువు పోతుందన్న భయమే లేకపోతే ఈ నగరాన్ని అడిగి ఉండేవాణ్ని కాదని ఫ్రెడరిక్ అతనితో మనసు విప్పి చెప్పినట్టు అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ వాసిల్ రాశాడు. అల్ కామిల్ లెక్క అల్ కామిల్‌కు ఉంది. దమాస్కస్ మీదికి పోతున్నప్పుడు వెనక నుంచి ఫ్రాంకులతో పోరు పెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

చివరికి తేలిన షరతులు ఇవి. జెరూసలేం, బేత్లెహేము, నజరేతు, అక్కడి నుంచి సముద్రతీరానికి దారి క్రైస్తవులకు దక్కాయి. డోమ్ ఆఫ్ ద రాక్, అల్ అక్సా మసీదు ఉన్న హరమ్ ఆవరణ ముస్లింల చేతుల్లోనే ఉంటుంది, నమాజు యథాప్రకారం సాగుతుంది. పదేళ్లకు పైగా యుద్ధ విరామం. 1099 తర్వాత అల్ అక్సా టెంప్లర్ల నివాసమైంది, డోమ్ ఆఫ్ ద రాక్ చర్చి అయింది. 1187లో రెండూ మళ్లీ ముస్లింలవయ్యాయి. గెలిచినవాడు ఎదుటివాడి ప్రార్థనా స్థలాన్ని తనదిగా మార్చుకోవడం చూసీ చూసీ ఉన్న నగరమది. ఎవరిది వాళ్లకే ఉంచుతూ ఇద్దరు రాజులు మాట ఇచ్చిపుచ్చుకోవడం చిన్న సంగతి కాదు.

రెండు వైపులా భగ్గుమన్నారు. మార్చి 17న ఫ్రెడరిక్ జెరూసలేంలో అడుగుపెట్టి, మర్నాడు పవిత్ర సమాధి చర్చిలో కిరీటం ధరించాడు. వెలిపడ్డవాడికి అక్కడ మతాచార్యుల అభిషేకం లేదు. జెరూసలేం ప్యాట్రియార్క్ గెరోల్డ్ ఏకంగా నగరం మీదే నిషేధం విధించాడు. క్రీస్తు సమాధి ఉన్న ఊరు క్రైస్తవులకు దక్కిన వారంలోనే అక్కడ పూజాదికాలు నడవకూడదని ఆజ్ఞ! మే 1న తిరుగు ప్రయాణానికి ఏకర్ వీధుల్లో నడిచి వెళ్తుంటే కసాయివాళ్లు అతని మీద పేగులు, మాంసపు తుక్కు విసిరారు. దమాస్కస్‌లో అల్ ముఅజ్జమ్ కొడుకు దావూద్, తండ్రి సోదరుడైన అల్ కామిల్ చేసిన పనిని ఎండగట్టమని సిబ్త్ ఇబ్న్ అల్ జౌజీ అనే ప్రసిద్ధ వక్తను కోరాడు. ఉమయ్యద్ మసీదులో అతని ప్రసంగం విని జనం వెక్కివెక్కి ఏడ్చారు. తాను ఇచ్చింది చర్చిలు, పాడుబడ్డ ఇళ్లు మాత్రమేనని అల్ కామిల్ సమాధానం చెప్పుకున్నాడు. అదీ పూర్తిగా అబద్ధం కాదు. 1219లోనే అల్ ముఅజ్జమ్ నగరం గోడలు పడగొట్టించాడు.

ఆ రోజుల సంగతి ఇంకొకటి అరబ్ చరిత్రలు రాసిపెట్టాయి. చక్రవర్తి బస చేసిన రాత్రి నబ్లూస్ ఖాజీ గౌరవం కొద్దీ నమాజుకు పిలిచే అజా వినిపించవద్దని చెప్పాడట. తెల్లవారాక ఫ్రెడరిక్ అతన్ని మందలించాడట, ఆ పిలుపు వినాలనే రాత్రి ఇక్కడ ఉన్నానని.

ఇంత చెప్పాక ఈ ఇద్దరినీ మహాత్ములని పొగిడితే అన్యాయం. సిసిలీలో తిరగబడ్డ ముస్లింలను ఫ్రెడరిక్ నిర్దాక్షిణ్యంగా అణచి, వేలాది మందిని లూచేరా అనే ఊరికి తరలించాడు. అల్ కామిల్ ఒప్పందం కుదిరిన నాలుగు నెలలకే దావూద్ నుంచి దమాస్కస్ లాక్కున్నాడు. ఇద్దరూ స్వలాభం చూసుకున్నవాళ్లే. నాకు ధైర్యం ఇచ్చేది సరిగ్గా ఇదే. పొరుగువాడితో యుద్ధం ఆపడానికి మనుషులు మారిపోయి సాధువులు కానక్కర్లేదు. ఎదుటివాడి అవసరం అర్థం చేసుకుని, బేరం ఆడి, ఒప్పుకున్నదానికి కట్టుబడితే చాలు. ఆ బేరాన్ని ద్రోహమన్న మతాచార్యులూ వక్తలూ దానికి బదులుగా చూపింది ఏమిటి? మళ్లీ ముట్టడి, మళ్లీ శవాలు. ఆ శవాలు వాళ్లవి కావు, ఆ ఊళ్లలో రొట్టెలు కాల్చుకుని, ఒలీవ తోటలు సాగుచేసుకుని బతికేవాళ్లవి. వాళ్ల తరఫున ఆలోచిస్తే ఆ పదేళ్లు నాకు ఏ మహా విజయంకన్నా విలువైనవిగా కనిపిస్తాయి. చెదురుమదురు దాడులు తప్ప ఆ విరామం గడువు దాకా నిలిచింది. ఇద్దరు పాలకుల స్నేహమూ నిలిచింది. అల్ కామిల్ కానుకగా ఇచ్చిన ఏనుగు ఇటలీలోని క్రెమోనాలో ఫ్రెడరిక్ విజయోత్సవాల్లో ఊరేగింది.

గడువు 1239లో తీరింది. నాడు మసీదులో ప్రసంగం పెట్టించి జనాన్ని ఏడిపించిన దావూద్, ఇప్పుడు కెరక్ పాలకుడు, ఆ ఏడాది చివర్లో నగరాన్ని పట్టుకుని, అక్కడ మిగిలిన కోటను కూల్చాడు. ఆ తర్వాత సలాదీన్ వంశమైన అయ్యూబీలలో అన్నదమ్ముల పోరు ముదిరింది. ఈజిప్టును ఏలే అల్ కామిల్ కొడుకు అస్సాలిహ్ మీద అతని ప్రత్యర్థులకు ఫ్రాంకుల సాయం కావలసి వచ్చింది. దమాస్కస్ పాలకుడితో పాటు దావూద్ కూడా బేరానికి దిగాడు. అల్ కామిల్ ఏ ఆవరణను ఇవ్వనని పట్టుబట్టాడో ఆ హరమ్‌ను సైతం ఫ్రాంకులకు అప్పగించడానికి ఈసారి ఒప్పుకున్నాడు. 1244 వేసవిలో ఈజిప్టు పిలిపించిన ఖ్వారజ్మీ దండు జెరూసలేం మీద పడి క్రైస్తవులను చంపి, పవిత్ర సమాధి చర్చిని తగలబెట్టింది. అక్టోబరులో గాజా దగ్గర లా ఫోర్బీలో జరిగిన యుద్ధంలో దమాస్కస్, హోమ్స్, కెరక్ ముస్లిం సేనలు టెంప్లర్ల పక్కన నిలబడి ఈజిప్టు ముస్లిం సేనతో తలపడ్డాయి. ఆ కెరక్ సేనను పంపింది దావూదే.