జమ పడ్డాకే ఖర్చు

ఒక ఖాతాలోని సొమ్ము మరో ఖాతాకు మార్చేటప్పుడు అవతల జమ పడిందని చూసుకున్నాకే నిశ్చింత. ఈసారి ఈ శీర్షికలో వడ్డీలు, నామినేషన్లు పక్కనపెట్టి, అదే సూత్రం ఈ-మెయిల్ ఉత్తరాలకు ఎలా వర్తిస్తుందో చెబుతాను. ముఖ్యంగా చూపులేనివారికి.

బరంపురంలో మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. గ్లాకోమాతో చూపు పోయింది. కంప్యూటర్‌ను చెవితో వాడతాడు. ఆయన పాత మెయిల్ ఖాతాను ఆ కంపెనీవారు మూసేస్తున్నారు. అందులో పెన్షన్ కాగితాలున్నాయి, కాలం చేసిన మా వదిన రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. "మా అబ్బాయి చేసిపెడతానన్నాడురా. కానీ అవి వాడు చదివేవి కావు. నేనే మార్చుకుంటాను, దారి చెప్పు" అన్నాడు.

తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములను స్క్రీన్ రీడర్లంటారు. వాటిలో ఎన్.వి.డి.ఎ. ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధుడు దాన్ని మొదలుపెట్టారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది. మర గొంతే అయినా, అలవాటైతే అర్థమవుతుంది.

చూపున్నవాళ్లం మౌసుతో ఉత్తరాన్ని లాగి వేరే ఫోల్డర్‌లో వదిలేస్తాం. చెవితో పనిచేసేవారికి మీటలే మేలు. పాత తరహా ఔట్‌లుక్‌లో కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే ఫోల్డర్ల జాబితా వస్తుంది. బాణం మీటలతో నడిచి, కావలసిన పేరు చెవిన పడ్డాకే ఎంటర్ నొక్కాలి. రెండు ఖాతాల్లోనూ 'ఇన్‌బాక్స్' ఉంటుంది కనుక తికమక ఖాయం. కొత్త ఖాతాలో ముందే వేరే పేరుతో ఫోల్డర్ తెరిచి ఉంచుకోవాలి.

అసలు ప్రమాదం తర్వాత ఉంది. ఉత్తరం వెళ్లిపోగానే జాబితాలో దాని పక్క ఉత్తరం ఆ చోటికి వస్తుంది. "పని జరగలేదేమో" అనుకుని మళ్లీ నొక్కితే అదీ పోతుంది. డిలీట్ నొక్కితే మరీ అన్యాయం. అందుకే నొక్కేముందు ఒకసారి, నొక్కాక ఒకసారి విషయం పంక్తి వినాలి. పొరపాటైతే వెంటనే కంట్రోల్, జెడ్. మరొకటి: ఒకే విషయం మీది ఉత్తరాలను కట్టగా చూపే ఏర్పాటు ఉంటే దాన్ని తీసేయాలి. లేకపోతే ఒకటి మార్చబోతే కట్టంతా కదులుతుంది.

అన్నిటికన్నా భద్రమైన పద్ధతి, మార్చకుండా నకలు తీయడం. వి బదులు వై నొక్కితే చాలు. పాత ఉత్తరం పాతచోటే ఉంటుంది. పది పదిగా నకలు తీసి, రెండువైపులా లెక్క సరిచూసుకోవాలి. ఆ సంఖ్య తెర అడుగున ఉంటుంది. పెద్ద కీబోర్డు మీద ఇన్సర్ట్, ఎండ్ కలిపి నొక్కితే ఎన్.వి.డి.ఎ. చదువుతుంది. లెక్క కుదిరినా, కాగితాలు జతచేసిన ఉత్తరాలు కొన్ని తెరిచి వినాలి. కొత్త ఖాతాను ఫోనులోనూ తెరిచి చూడాలి. అక్కడా కనిపిస్తే ఉత్తరాలు నిజంగా చేరినట్టు. లేకపోతే అవి ఇంకా మీ కంప్యూటర్‌లోనే ఆగి ఉండొచ్చు. అంతవరకూ పాతవాటి జోలికి పోవద్దు.

ఇంట్లో చూపులేని పెద్దలుంటే ఒక మాట. "నేను చేసేస్తాను" అని కీబోర్డు లాక్కోకండి. పక్కన కూర్చుని, అడిగినప్పుడు లెక్క మాత్రం చెప్పండి. ఉత్తరాలు వారివి. ఏది ఉంచుకోవాలో, ఏది ఎవరి కంట పడకూడదో తేల్చుకునే హక్కూ వారిదే.