కొలతల పుస్తకము

హనుమకొండ వాసులకు చెరువును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదే. కాకతీయులనాటి భద్రకాళి తటాకమును పూడిక తీయుటకై 2024 నవంబరులో ఖాళీ చేసిరి. పూడిక తీయవలసినదే. కాని తీసినదెంతయో తేల్చు విధమును గూర్చి మన పట్టణమున జరుగవలసినంత చర్చ జరుగలేదు.

మట్టిపనికి కొలత రెండుమారులు. పార పడకమునుపు చెరువు అడుగు మట్టములు తీయవలెను. పని ముగిసినపిమ్మట మరల తీయవలెను. ఆ రెంటి తేడాకే సొమ్ము. ముందటి మట్టములు లేనిచో, తొలకరికి చెరువు నిండిన తరువాత ఎంత త్రవ్వబడెనో వరుణదేవుడే సాక్ష్యము చెప్పవలెను! 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణ సంకల్పింపబడెను. వానిలో ప్రతిదానికిని ఈ చిక్కు కలదు.

కళాశాల విడిచి నేరుగా కార్యభారము వహించు యువ ఇంజనీరునకు కాంక్రీటు బలము తెలియును. కంట్రాక్టు బలము తెలియదు. కొలతల పుస్తకమును తానే పనిచోట సిరాతో వ్రాయవలెననియు, తప్పు పడినచో చెరిపివేయక కొట్టివేసి సంతకము చేయవలెననియు అతనికి మొదటి దినముననే బోధింపవలదా? అంచనాకంటె మిక్కిలి తక్కువకు టెండరు వేసినవానిని చూచి ఖజానాకు లాభమని మురియుట తగదు. తగ్గించిన సొమ్ము తరచుగా ఆ పుస్తకపు పుటలలోనే తిరిగి రాబట్టబడును. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వచ్చిన ఆన్‌లైను టెండర్ల పద్ధతి, టెండరు పెట్టెకడ ప్రత్యర్థి నడ్డగించు దౌర్జన్యమునకు అడ్డుకట్ట వేసినది, మేలే. ఐనను కంప్యూటరు చెరువులోనికి దిగి టేపు పట్టదు గదా!

నోటిమాట మరియొక గండము. “ఇంకొక వంద గజములు కట్టుము, పిమ్మట చూచుకొందము” అనుట మన పనులలో పరిపాటి. రాజ్యాంగము 299వ అధికరణము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వపు ఒప్పందము గవర్నరు పేరిట, అధికారము పొందినవారిచేతనే జరుగవలెను. రైల్వే అధికారి యిచ్చిన ఆర్డర్లను నమ్మి ధాన్యము సరఫరాకు పూనుకొనిన భిక్రాజ్ జైపురియాకు, ఆ ఒప్పందము విధ్యుక్తముగా లేదని సుప్రీంకోర్టు 1961లో నష్టపరిహారము నిరాకరించెను. జరిగిన పనివలన ప్రభుత్వము లాభపడినచో 1872 నాటి ఒప్పందముల చట్టము 70వ సెక్షను క్రింద కొంత దక్కవచ్చును. అందుకు కోర్టు మెట్లెన్ని యెక్కవలెనో కంట్రాక్టరుల నడుగుడు.

1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన యూరిది. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రభుత్వ పనులను తనిఖీ చేయుటకును, కాగితముల నకళ్లను, సామగ్రి నమూనాలను పొందుటకును పౌరునకు హక్కు నిచ్చినది. పత్రికలు చదువు మన పెద్దలు దరఖాస్తు వ్రాసి, తమ పేట చెరువునకు తీసిన ముందటి మట్టముల నకలు నీ వేసవిలోపుననే తెప్పించి చూడవలెనని కోరుచున్నాము.