మొహమాటానికి ఏ బెల్టు?

మా లివింగ్ రూమ్ గోడకి, గాజు ఫ్రేములో, ఒక నల్ల బెల్టు ఉంది. దాని మీద పసుపు దారంతో కుట్టిన మా అమ్మాయి పేరు. ఆరో ఏట చేర్పిస్తే పదకొండో ఏట వచ్చింది. వారానికి మూడు సాయంత్రాలు, నెలకి నూట యాభై డాలర్లు, రంగు మారినప్పుడల్లా టెస్టు ఫీజు అదనం. డాలస్ కి ఉత్తరాన మేముండే వైపు ఏ స్ట్రిప్ మాల్ చూసినా ఇండియన్ గ్రోసరీ, లెక్కల ట్యూషన్, తైక్వాండో పక్కపక్కనే ఉంటాయి. మన పిల్లల సాయంత్రాలన్నీ ఆ మూడు తలుపుల మధ్యే తిరుగుతూంటాయి.

ఎందుకు చేర్పించారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "సెల్ఫ్ డిఫెన్స్ కోసమండీ. రోజులు బాగాలేవు కదా!" 2019 నవంబర్లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత విజయవాడ నుంచి మా అత్తగారు ఫోన్ చేసి అడిగిందీ అదే. "పిల్లకి కరాటే మాన్పించలేదు కదా బాబూ?" ఆవిడ లెక్కలో తన్నేదంతా కరాటేయే. "లేదత్తయ్యా, ఇంకో రెండేళ్ళలో బ్లాక్ బెల్టు" అని గర్వంగా చెప్పాను.

ఆ గర్వం ఒక దీపావళి పార్టీతో దిగిపోయింది. తెలిసినవాళ్ళ ఇల్లు. యాభై మంది జనం, అందరూ మనవాళ్ళే. తిరిగొస్తూంటే కారు వెనక సీట్లోంచి మా అమ్మాయి, అప్పటికి పధ్నాలుగేళ్ళది, మెల్లిగా అంది: "నాన్నా, ఆ అంకుల్ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. లాక్కుంటున్నా వదల్లేదు. చాలాసేపు."

"ఆయన అలాంటివాడు కాదులేమ్మా." నా నోటివెంట వచ్చిన మొదటి మాట అది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ మాటే.

"మరి నువ్వేం చేశావే?" అంది మా ఆవిడ.

"ఏం చెయ్యనమ్మా? తన్నమంటావా? అందరూ ఉన్నారు. ఆయనేమో నవ్వుతున్నారు. పెద్దవాళ్ళతో మర్యాదగా ఉండమని మీరే కదా చెప్పారు?"

మర్నాడు ఆయనకి ఫోన్ చేశాను. "మా పిల్లలాంటిదే కదండీ" అని నవ్వేశాడు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. కానీ నేను ఒక రాత్రి ఆలస్యంగా మేలుకున్నానన్న సంగతి నాకూ తెలుసు, మా అమ్మాయికీ తెలుసు.

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, ఇరవై ఏళ్ళుగా కన్సల్టింగ్ చేస్తున్నవాణ్ణి. టెస్టు చెయ్యని కోడ్ ని ప్రొడక్షన్ లోకి పంపితే ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు. మరి ఐదేళ్ళపాటు ఆ క్లాసుని గాజు తలుపు బయట కూర్చుని చూస్తూ నేను గమనించిందేమిటి? పిల్లలు వరసగా నిలబడి గాలిలో తన్నేవారు. జంటగా చేసేటప్పుడు ఎదుటివాడు బుద్ధిగా చెయ్యి చాపేవాడు, మెలిపెట్టగానే పడిపోయేవాడు. ఎప్పుడు పిలిచినా "సక్సెస్" అనే డమ్మీ ఫంక్షన్ తో టెస్టు చేసుకుని, ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందని సంబరపడినట్టు! ఇక చెక్కపలక అంటారా, అది ఎలాగూ ఎదురు తిరగదు.

తైక్వాండోని తీసిపారెయ్యాలని కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి అది పతకాల క్రీడ. పోటీల్లో నిజంగా తలపడేవాళ్ళ కాలు తగిలితే ఎంతటివాడైనా కూలబడతాడు. నా పోట్లాట ఆ కళతో కాదు, బెల్టుల్ని అమ్మే పద్ధతితో, అంతకంటే ఎక్కువగా మనం కొనే పద్ధతితో. మనం ఇంటికి దగ్గరా కాదా అని చూస్తాం. ఎన్నేళ్ళలో బ్లాక్ బెల్టు వస్తుందని అడుగుతాం. కాలేజీ అప్లికేషన్లో రాసుకోవచ్చా అని ఆలోచిస్తాం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగం: "మా పిల్లని ఎవరైనా గట్టిగా పట్టుకుని, వదలనని మొండికేస్తే, విడిపించుకోవడం ఇక్కడ రోజూ చేయిస్తారా?"

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1882లో టోక్యోలో కొడోకాన్ మొదలుపెట్టి జూడోకి పునాది వేసిన కానో జిగోరో కిటుకు ఇదే. ప్రాణాల మీదికి తెచ్చే పట్లని అభ్యాసపు కుస్తీలోంచి పక్కన పెట్టాడు. మిగిలిన వాటిని, ఎదుటివాడు నిజంగా ప్రతిఘటిస్తూంటే, పూర్తి బలంతో రోజూ సాధన చేయించాడు. పేరుకి భయంకరమైన పట్టు, ఎవరి మీదా ఎన్నడూ ప్రయోగించనిది, నేర్చుకోవడం కంటే మామూలు పట్టుని వెయ్యిసార్లు ఎదిరించేవాడి మీద ప్రయోగించడం మేలని ఆయన నమ్మకం. జూడోలోంచే బ్రెజిలియన్ జుజిట్సు పుట్టింది. 1993లో డెన్వర్ లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో సన్నగా కనిపించే రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీసుకున్నప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. కానో చూస్తే ఆశ్చర్యపోయేవాడు కాదేమో.

అందుకని నా సలహా సూటిగా చెప్తాను. మీ పిల్లకో పిల్లాడికో ఆత్మరక్షణ కావాలంటే జూడో, జుజిట్సు, లేదా రెస్లింగ్. మొదటి రెండింటికీ ఫీజులున్నాయి. మూడోది చాలా పబ్లిక్ హైస్కూళ్ళలో ఉంది, మనం కట్టే ప్రాపర్టీ టాక్సు లోంచే నడుస్తోంది. మా టెక్సస్ లో ఆడపిల్లల రెస్లింగ్ కి 1990ల చివరి నుంచే రాష్ట్ర స్థాయి పోటీలున్నాయి. ఇంకో లాభం కూడా ఉంది. చాలా స్కూళ్ళలో కొట్టినవాడితో పాటు తిరిగి కొట్టినవాడికీ సస్పెన్షనే. పిడిగుద్దు లేకుండా ఎదుటివాణ్ణి కదలనివ్వకుండా ఆపగలిగిన పిల్లకి ఆ బాధ తక్కువ.

"ఆడపిల్లకి కుస్తీ ఏమిటండీ?" అని మీరంటారని తెలుసు. 2016లో దంగల్ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం మనమే. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల మనది. ఊరూరా తాలింఖానాల్లో సాము చేసిన తాతలు మనవాళ్ళే. సిడ్నీలో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. చెవి వాస్తుందేమో, మోచెయ్యి గీరుకుంటుందేమో అన్న భయం నిజమైనదే. దెబ్బలు తగులుతాయి, మా ఇంట్లోనూ తగిలాయి. ఒంటికి దెబ్బ తగిలితే ప్రపంచం ఆగిపోదని తెలియడం కూడా ఆ చదువులో భాగమే.

కానీ ఇక్కడితో ఆగితే నేనూ ఇంకో బెల్టు అమ్మినట్టే అవుతుంది. కెనడాలో మూడు యూనివర్సిటీల్లో దాదాపు 900 మంది మొదటి సంవత్సరం అమ్మాయిల మీద చేసిన పరిశోధన ఒకటి 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో వచ్చింది. ఇంచుమించు సగం మందికి కరపత్రాలిచ్చారు, మిగిలిన సగానికి పన్నెండు గంటల శిక్షణ. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్ళు మొదటి గుంపులో నూటికి 9.8, రెండో గుంపులో 5.2. పన్నెండంటే పన్నెండే గంటలు! ఆ గంటల్లో వాళ్ళు నేర్పింది చూడండి. పరిచయస్తుడి నుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తుపట్టడం, తెలిసినవాడు కదా అన్న జంకుని దాటి గట్టిగా వద్దనడం, అవసరమైతే కాళ్ళూ చేతులూ వాడటం.

ఆ జంకుకి మన భాషలో ఎంత చక్కటి పేరుంది! మొహమాటం. దాన్ని మనం పిల్లలకి ఏ ఫీజూ లేకుండా, ఏళ్ళ తరబడి, ఇంట్లోనే నేర్పుతాం. "అంకుల్ కి హగ్ ఇవ్వు." "ఆంటీ పెడుతూంటే వద్దనకూడదు." "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు." అక్కడ సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ క్లాసులు పెడుతున్నారు, సంతోషం. కానీ స్కూల్లో "కొట్టు" అనీ, ఇంట్లో "నోరు మూసుకో" అనీ చెప్తే పిల్ల ఏది వింటుంది?

అన్నిటికీ పట్టు ఉండదని కూడా ఒప్పుకుందాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ లోని ఓలేతాలో, మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని ఒక బార్ లో కాల్చి చంపినవాడికి ఏ కళ అడ్డుపడగలదు? తుపాకీ కనిపిస్తే పరుగు, పర్సు అడిగితే ఇచ్చెయ్యడం. ఈ రెండూ పిల్లలకి మొదటి రోజే చెప్పని గురువు దగ్గర చేర్పించకండి.

మా అమ్మాయి హైస్కూలు రెస్లింగ్ టీములో చేరింది. మొదటి సీజన్లో గెలిచింది రెండే రెండు మ్యాచ్ లు. పోయిన సంక్రాంతికి ఒకరింట్లో, ఎంతో మంచాయన, చేతులు చాపి "ఏదీ, అంకుల్ కి హగ్!" అన్నాడు. మా అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, "వద్దు అంకుల్, నమస్తే" అంది. కాస్త గట్టిగానే. గదిలో మాటలు ఆగిపోయాయి. అందరూ నా వైపు చూశారు, నేను సర్దిచెప్తానని.

ఏమీ సర్దిచెప్పలేదు. వెళ్ళి మా అమ్మాయి పక్కన నిలబడ్డాను.