డబ్బు మనది, డ్రాయింగ్ వాళ్లదా?

బోరు దగ్గర స్టార్టర్ మొరాయిస్తే ఇదివరకు ఊళ్లో మెకానిక్ మూత తీసి గంటలో మోటారు ఆడించేవాడు. అతనేమీ ఇంజనీరింగ్ చదవలేదు. కాంటాక్టర్ ఏ కంపెనీదైనా కాయిల్‌కు ఏ1, ఏ2 అనే రాసి ఉంటుంది. ఓవర్‌లోడ్ రిలే మీద 95, 96 అంటే లోడు పెరిగితే విడిపోయే పాయింట్లు. కాయిల్‌కు పోయే కరెంటు వాటి గుండానే పోవాలి. 97, 98 ట్రిప్ అయినప్పుడు కలిసేవి, ఎర్రలైటు కోసం. ఎన్నడూ చూడని సరుకు చేతికొచ్చినా ఆ నంబర్లు చూసి కలిపేవాడు.

ఇప్పుడొస్తున్న సోలార్ పంపు కంట్రోలర్ మూత తీయండి. ఒక బోర్డు, కొన్నిటి మీద నల్లటి జిగురు. తేమ తగలకుండా పోశామంటారు, కొంత నిజమే. ఏ తీగ ఎక్కడిదో పక్కన రాయడానికి కూడా తేమే అడ్డమొచ్చిందా? పోయింది చిన్న రిలే అయినా, ఫ్యూజు అయినా బోర్డు మొత్తం మార్చమంటారు. ఈలోపు మిరపకు తడి తప్పుతుంది.

తెలియనివాళ్లు ముట్టుకుంటే ప్రమాదమట! ప్రమాదం ఉన్న మాట నిజం. ఎండ ఉన్నంతసేపూ, స్విచ్ ఆపినా, ప్యానెళ్ల తీగల్లో వందల వోల్టుల డీసీ ఉంటుంది. ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలుస్తుంది. ఆ మాట మూత మీద తెలుగులో రాయాల్సింది ఎవరు?

2019లో వచ్చిన పీఎం కుసుమ్ కింద పంపు ఖరీదులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం ఇస్తాయి. మిగతాది రైతు జేబులోంచి. ప్రజల సొమ్ముతో కొన్న యంత్రానికి రహస్యమేమిటి? ఐదేళ్లు నిర్వహణ మాదే అంటారు. ఆరో ఏడు?

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది: వ్యవసాయ యంత్రాలు అమ్మే కంపెనీ విడిభాగాలు, మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ రైతుకు ఇచ్చి తీరాలి. మన కేంద్రం 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. చట్టం మాత్రం రాలేదు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. వైరింగ్ డ్రాయింగ్ తెలుగులో మూత లోపల అంటించని కంపెనీని టెండరుకు రానివ్వొద్దని డిమాండ్ చేస్తున్నాం. కొత్తగా బిగించుకునే సభ్యులు డ్రాయింగ్ చేతికొచ్చాకే పంపు అందినట్టు సంతకం పెట్టండి. పాత డబ్బాలకు, మెకానిక్ మూత తీసినప్పుడు, ఏ తీగా ఊడదీయకముందే ఫోటో తీయించి మండల కమిటీకి ఇవ్వండి. అదే మోడల్ పక్క ఊళ్లోనూ ఉంటుంది.