పంది తిన్న పంటకు లెక్క ఏది?

2024 ఏప్రిల్ మొదటి వారంలో మహారాష్ట్ర నుంచి ఒక ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఒక రోజు వ్యవధిలోనే చింతలమానేపల్లి, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు రైతులు దాని కాళ్ల కింద ప్రాణాలు వదిలారు. ఇద్దరూ తమ పనికి పోయినవారే. అది మనకు దూరపు ముచ్చట కాదు. భూపాలపల్లి జిల్లాలో మహాదేవపూర్, పలిమెల ఒడ్డున నిలబడితే గోదావరికి అవతల కనిపించేది గడ్చిరోలి జిల్లానే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఏనుగుల మంద 2021 నుంచి ఆ జిల్లాలో తిరుగుతోంది.

ఏనుగు వస్తే టీవీలు వస్తాయి, అధికారులు వస్తారు. అడవి పంది వస్తే ఎవరొస్తారు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మన పంటను ఏటా తింటున్నవి పందులు, కోతులు. పొట్టకొచ్చిన వరిని, కంకి పట్టిన మక్కను రాత్రికి రాత్రే పందులు తొక్కి పారేస్తాయి. కోతుల బాధకు పల్లి, కూరగాయలు వేయడమే మానుకున్న ఊళ్లున్నాయి. వేయకుండా వదిలేసిన పంట నష్టం ఏ లెక్కలోనూ ఉండదు. పట్టిన కోతులను ఉంచడానికి 2020 చివర నిర్మల్‌లో ఒక పునరావాస కేంద్రం తెరిచారు. ఊరూరా ఉన్న కోతులకు అదేం సరిపోతుంది?

దిక్కుతోచక కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. ఇక్కడ మన మాట మనమే కటువుగా చెప్పుకోవాలి. ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం అడవిలో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి చనిపోయారు. తెల్లారి మోటరు వేయడానికి పోయే పక్క చేను రైతుకైనా అదే గతి. తీగ పెట్టినవాడు జైలుకు పోతాడు, పంట ఎట్లాగూ పోతుంది. సోలార్ కంచె కొట్టే షాక్ ఆగి ఆగి వస్తుంది, భయపెడుతుంది కానీ ప్రాణం తీయదు. దాని ఖర్చు చిన్న రైతు ఒక్కడు మోయలేడు. నాలుగైదు చేన్లకు కలిపి వేసుకునేలా రాయితీ ఇవ్వాలని మేము అడుగుతున్నాం.

అంతకన్నా ముఖ్యమైనది బీమా. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 వానాకాలం నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో ఫొటోలతో చెప్పుకోవాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది పాత నష్టాల లెక్క చూసి రాష్ట్రమే గుర్తించాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. మన రాష్ట్రం 2020లో ఆ పథకం నుంచి బయటికి వచ్చింది. తిరిగి చేరతామని 2024లో చెప్పారు. ఆ మాట చేను దాకా రావాలి. వచ్చినా పాత లెక్క ఎక్కడుంది? పంది పడ్డప్పుడల్లా తిట్టుకుని ఊరుకున్నాం, దరఖాస్తు పెట్టినవాళ్లం ఎందరం? రాసి లేని నష్టం చూపి జిల్లా పేరు జాబితాలో పెట్టమంటే ఆఫీసరు నవ్వుతాడు. కౌలు రైతుది ఇంకా అన్యాయం. పంట అతనిది, కాగితం మీద పేరు పట్టాదారుది. నష్టం రాసేటప్పుడు సాగు చేసినవారి పేరే రాయాలి.

అందుకే గ్రామ కమిటీలు ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సర్వే నంబరు, పంట, ఎన్ని గుంటలు పోయింది, ఏ జంతువు అన్నవి రాయండి. ఫోన్లో ఫొటో తీయండి. ఒక ప్రతి ఏఈవోకు, ఒకటి బీట్ ఆఫీసరుకు ఇచ్చి సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే ఆ సంగతీ రాయండి. వచ్చే నెల మండల సమావేశానికి నోటుబుక్కులు వెంట తెండి, మూడు జిల్లాల లెక్క కలిపి కలెక్టర్లకు ఇద్దాం.